రెండు చుక్కల మధ్య

ఫిబ్రవరి. నరసన్నపేట జూనియర్ కాలేజీ ల్యాబు.
పన్నెండు బ్యూరెట్లు, ఇరవై నాలుగు మంది పిల్లలు,
ఒక్కో బ్యూరెట్ కింద రెండు తలలు.
ప్రాక్టికల్ పరీక్ష కదా,
ఫ్యాను కూడా మెల్లగానే తిరుగుతోంది.

క్లాసులో గొప్పగా చెప్పి ఉన్నాను నేను:
చుక్క చుక్కగా వదలండి, చాలాసేపు ఏమీ జరగదు,
పంతొమ్మిది మిల్లీలీటర్లు పోసినా
ఆసిడ్ తన మాట మీదే నిలబడి ఉంటుంది.
ఇరవైకి ఒక చుక్క ఇటు ఉంటే పీహెచ్ నాలుగు,
ఒక చుక్క అటు పడితే పది.
మధ్యలో మెట్లుండవు. దూకుడే.
ఫినాఫ్తలీన్ గులాబీ రంగులో కేక వేస్తుంది,
చెవిటివాడికి కూడా వినిపిస్తుంది.

ఆ రోజు కేక రాలేదు.

ఇరవై దాటింది. ఇరవై పాయింట్ రెండు.
పాయింట్ మూడు.
ఫ్లాస్కుల్లో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.
కూర్మావతి తన ఫ్లాస్కుని తెల్ల కాగితం మీద పెట్టి,
ముగ్గులో చుక్క తప్పిందేమోనని వెతికినట్టు
తల పక్కకి వంచి చూస్తోంది.
"రంగొచ్చిందా?"
"వచ్చినట్టే ఉందండి. ఊపితే పోతోందండి."
కళ్లు లేవా నీకు, అన్నాను.
అందరి ముందూ అన్నాను.

అప్పుడు తలుపు దగ్గర దండాసి
తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.
"మేడం గారూ, ఆసిడ్ సీసా అడుక్కొచ్చీసింది.
సోడా పలుకులూ అంతే.
ఇండెంటు ఎట్టి మూడు నెల్లైపోనాది.
పరీచ్చ ఆగిపోతే పిల్లలకి కట్టమని
రెండూ వంద రెట్లు పలచన సేసీసినాను.
రెండూ సమానంగానే సేసినాను గదా,
లెక్క తప్పదు గదేటి?"

తప్పలేదు దండాసీ.
ఇరవైకి ఇరవై. లెక్క రవ్వంత కదల్లేదు.
రంగే రాలేదు.

పిల్లలు వెళ్లిపోయాక
బీరువాలో మూలుగుతున్న పీహెచ్ మీటరుకి కొత్త సెల్లు వేసి,
సీసా అడుగున మిగిలిన గట్టి ఆసిడ్‌ని ఒకసారి,
పొద్దున్నటి పలచటిదాన్ని ఒకసారి
చుక్క చుక్కగా కొలిచాను.
గ్రాఫు కాగితం మీద రెండు గీతలు.
గట్టిది ఒకటి దగ్గర బయల్దేరింది.
పలచనిది మూడు దగ్గర,
అంటే సగం పౌరుషం బయల్దేరక ముందే చచ్చి.
ఇద్దరూ ఏడు దగ్గర కలిశారు, ఒకే ఇరవై దగ్గర.
కానీ ఒకటి మహేంద్రగిరి నిట్టనిలువు,
రెండోది వంశధార ఇసక ఒడ్డు,
ఎక్కుతున్నామని కాళ్లకి తెలిసేలోపే అయిపోతుంది.
ఆ రెండు చుక్కల మధ్య అది నడిచిందల్లా
ఆరు నుంచి ఎనిమిదికి.
గులాబీ గుమ్మం ఎనిమిది దాటాకే ఉంది.
గుమ్మం బయట నిలబడింది, పాపం, లోపలికి రాలేదు.
ఇంకో పది చుక్కలు పోస్తే
లేతగా, మాసిన రిబ్బను లాంటి రంగు,
అదీ కాసేపు గాలి తగిలితే లేదు.

మారలేదని కాదు.
మారింది. అది నాకు వినపడలేదు.

దండాసికి అప్పటికి నాలుగు నెలలుగా జీతం రాలేదట.
ఎవరికీ చెప్పలేదా అని అడగబోయి ఆగాను.
చెప్పే ఉంటాడు.
నాకే చెప్పి ఉంటాడు,
సీసా అడుక్కొచ్చిందని చెప్పినంత గొంతుతో,
తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటూ.

కూర్మావతి పేపరు తెరిచాను.
"ఇరవై దగ్గర రంగు లేదు.
ఇరవైన్నర దగ్గర అనుమానం.
ఊపితే పోయింది."
అందరూ పక్కవాణ్ణి చూసి ఇరవై అని వేశారు,
గులాబీ అని రాశారు.
అనుమానం అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత గీసి
పూర్తి మార్కులు వేశాను.
ఆ అమ్మాయికి మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు.

సింకు దగ్గర దండాసి ఫ్లాస్కులు ఒంపుతున్నాడు.
"కడగడానికేటుంది మేడం, నీల్లే గదా" అన్నాడు.
అయినా ఒక్కోటీ రెండు సార్లు కడిగి బోర్లించాడు.